సగం వీడియో, నిండు శిక్ష

రచ్చబండ మీద కూచొని తీర్పులు చెప్పే పెద్దమనుషుల కాలం చెల్లిపోయిందని అనుకుంటున్నాం. చెల్లలేదు. వాళ్ళు బస్సెక్కారు. కిటికీ పక్క సీట్లో కూచొని సెల్‌ఫోన్ పైకెత్తి పట్టుకున్నారు. టికెట్ దగ్గరో, చిల్లర దగ్గరో, ఆధార్ కార్డు దగ్గరో కండక్టర్‌కీ ప్రయాణికురాలికీ మాటా మాటా పెరిగితే చాలు, వీడియో తీస్తారు. బస్సు తర్వాతి స్టేజీ చేరేలోపల అది ఊరూరా తిరుగుతుంది. సాయంత్రానికి డిపో మేనేజర్ ఫోన్లోకి వస్తుంది. మర్నాడు తెల్లారగట్ల డ్యూటీకొచ్చిన కండక్టర్‌కి చార్టులో తన పేరు కనపడదు.

ఈ వీడియోలు మనందరం చూసినవే. ఎన్ని చూసినా ఒక సంగతి మారదు. అవి ఎప్పుడూ కండక్టర్ గొంతు పెంచిన చోటే మొదలవుతాయి. అంతకు ముందు అరగంట సేపు ఆ గొంతు ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియదు. ‘ముందుకు జరగండమ్మా’ అని ఎన్నిసార్లు అన్నదో, ‘కార్డు తీసి చేతిలో పెట్టుకోండి’ అని ఎన్నిసార్లు బతిమాలిందో, మొదటి ట్రిప్పులోనే అయిదొందల నోటిచ్చి పది రూపాయల టికెట్ అడిగిన ఆసామికి చిల్లర కోసం ఎంతమంది దగ్గర చెయ్యి చాచిందో, అదేదీ వీడియో తీయదగ్గ విషయం కాదు. మంచిగా మాట్లాడిన కండక్టర్‌ని చూడటానికి ఎవరూ ఫోన్ తెరవరు గదా!

కండక్టర్ పని ఏమిటో కాస్త చెప్పుకోవాలి. చాలామందికి అది టికెట్ చింపిచ్చే పని. ఇప్పుడు చింపడం కూడా లేదు, మిషన్ నొక్కడమేనని ఇంకా చులకన. స్టేజీ దాటేలోగా ఎక్కిన ప్రతి మనిషికీ టికెట్ కొట్టాలి. బస్సులో కూచున్నవాళ్ళెందరో నిలబడ్డవాళ్ళూ అందరే ఉంటే ఆ నడుమ నుంచి వెనక డోరు దాకా పోయి రావాలి. స్క్వాడ్ వాళ్ళు బస్సాపి లెక్క చూసినప్పుడు తలలకూ టికెట్లకూ తేడా వస్తే మొదటి ప్రశ్న కండక్టర్‌కే. 2019 డిసెంబరులో, సమ్మె ముగిశాక, టికెట్ కొనని ప్రయాణికుడి తప్పుకి ఇక కండక్టర్‌ని శిక్షించబోమని, జరిమానా ఆ ప్రయాణికుడికే వేస్తామని తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. అంటే దశాబ్దాల తరబడి కొననివాడి తప్పుకి అమ్మేవాడి మెడ కోశామని సర్కారే ఒప్పుకున్నట్టు. ఆ భయం ఒక ప్రకటనతో ఒంట్లోంచి పోయేది కాదు. దినం గడిచాక క్యాష్ కట్టేటప్పుడు తక్కువ పడితే ఆ తక్కువ ఎవరి జేబులోంచి పోతుందో డిపోకి వెళ్ళి ఎవర్నడిగినా చెబుతారు.

ఆ సమ్మెనూ మర్చిపోవద్దు. 2019 అక్టోబరు 5న మొదలై 52 రోజులు సాగింది. సుమారు 48 వేల మంది కార్మికులు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని అప్పటి ముఖ్యమంత్రి ఒక్క మాటతో తేల్చేశాడు. చివరికి అడిగింది దక్కకుండానే, తలవంచుకొని మళ్ళీ డ్యూటీలెక్కారు. ఆ తర్వాత యూనియన్లను పక్కకు నెట్టి డిపోల్లో సంక్షేమ కమిటీలు పెట్టారు. ఇదంతా ఎందుకు గుర్తు చేస్తున్నామంటే, వీడియోలో ఇరుక్కున్న కండక్టర్ ఏ దన్నూ లేని మనిషి. వెనక నిలబడి ‘మా మనిషి మాట కూడా వినండి’ అని గట్టిగా అడిగేవాడిని ముందే బలహీనపరిచారు. ఆ తర్వాత వచ్చింది ఫోను.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి వచ్చింది. ఆడవాళ్ళకి బస్సు ఉచితం. మేము ఈ పథకానికి వ్యతిరేకులం కాము, ఆ మాట ముందే చెప్పేస్తున్నాం. కూలికి పోయే మాదిగ పల్లె ఆడమనిషి, ఆసుపత్రికి పోయే మాలపల్లె ముసలమ్మ, కాలేజీకి పోయే మన పిల్ల బస్సు చార్జీ లేక ఆగిపోయే రోజులు తప్పాయంటే అది మంచిదే. మన పన్నుల డబ్బుతో మనవాళ్ళు బస్సెక్కుతున్నారు, ఎవడి తాత సొమ్మూ కాదు. కానీ పథకం ఇచ్చిన సర్కారు, ఎక్కేవాళ్ళు పెరుగుతారని తెలిసీ, ఆ మేరకు బస్సులు ముందు దించి పథకం తర్వాత మొదలు పెట్టలేదు. అవే బస్సులు, అదే కండక్టర్.

అదీగాక ఉచిత ప్రయాణమంటే టికెట్ లేని ప్రయాణం కాదు. జీరో టికెట్ కొట్టాలి. ఆ జీరో టికెట్ల లెక్క చూపించే సంస్థ సర్కారు దగ్గర డబ్బు రాబట్టుకోవాలి. ఆమెది ఈ రాష్ట్రమే అని అడ్రసున్న గుర్తింపు కార్డు చూడాలి. 2024 మొదట్లో తెలంగాణలో జిరాక్సు చెల్లదన్నారు, ఫోన్లో ఫోటో చెల్లదన్నారు, అడ్రసుండదు కాబట్టి పాన్ కార్డు చెల్లదన్నారు. ఆ నియమం రాసినవాడు బస్సులో లేడు. దాన్ని నూటికొక్కసారి కాదు, రోజుకి కొన్ని వందలసార్లు మనిషి మొహం మీద చెప్పాల్సింది కండక్టర్. మాట హైదరాబాదుది, నోరు కండక్టర్‌ది. తిట్లూ ఆమెకే.

మాలో ఒకరి దగ్గర పదో తరగతి చదువుకున్న అమ్మాయి ఇప్పుడు కండక్టర్. ఆమె పేరు చెప్పం, డిపో పేరు చెప్పం, ఆ ఉద్యోగం ఆమెకింకా కావాలి. వాళ్ళింట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి ఆమె. రెండు రాష్ట్రాల సరిహద్దు దగ్గర రూటు. మిరప కోతలకి అవతలి రాష్ట్రం నుంచి కూలీలొస్తారు. ఒక సాయంత్రం చివరి బస్సులో ఒక కూలీ ఆడమనిషి కార్డు చూపింది. అడ్రసు అవతలిది, టికెట్ కొనాలి. నిన్న ఎక్కిన బస్సులో అడగలేదంటుంది ఆమె. ఈమె మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి ‘డబ్బులన్నా ఇయ్యి, బస్సన్నా దిగు’ అని అరిచింది. సరిగ్గా అక్కడ ఒక పిల్లవాడు ఫోనెత్తాడు. ముప్పావు నిమిషం తీసి తన స్టాపులో దిగిపోయాడు.

అతను దిగిన తర్వాత ఏం జరిగింది? కండక్టరమ్మ తన చేతి డబ్బు వేసి ఆమెకి టికెట్ కొట్టింది. ‘రేపు కోత డబ్బులొచ్చాక ఇయ్యక్కా’ అంది. అది వీడియోలో లేదు. రెండో రోజుకల్లా ‘కూలీ తల్లిని చీకట్లో దింపేసిన కండక్టర్’ అని ఊరంతా మోగింది. పదకొండు రోజులు డ్యూటీ లేదు. రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చింది, తోటి ప్రయాణికుల్ని అడగండి అంది. ఎవర్నీ అడగలేదు. ఆ కూలీ మనిషిని అసలే అడగలేదు. ఆమె మొహం కూడా ఆ వీడియోలో తిరిగింది గదా, వాళ్ళ ఊళ్ళో మొగుడు చూశాడు, పెద్దమేస్త్రీ చూశాడు. ఆమె ఏమనుకుందో ఎవరికి పట్టింది? ఆమె తరఫునే పోరాడుతున్నామని చెప్పుకున్నవాళ్ళకి ఆమె పేరు కూడా తెలియదు.

గమనించండి. తగువు ఇద్దరిది. ఇద్దరూ కష్టం చేసుకొని బతికే ఆడవాళ్ళు. వీడియో మాత్రం మూడోవాడిది. అతను టికెట్ విషయంలో నష్టపోయినవాడూ కాదు, నష్టపెట్టినవాడూ కాదు. సీటు దొరికినవాడు. నిలబడ్డవాడికి ఒక చెయ్యి పై రాడ్డుకి, ఒక చెయ్యి సంచికి పోతుంది. వీడియో తీయడానికి అతనికి మూడో చెయ్యి లేదు.

ఇక ఆ వీడియోల కింద రాసే రాతలు. మేము పనిగట్టుకొని కొన్ని చదివాం. కండక్టర్ ఛాతీ మీద పేరు కనపడితే చాలు, ఇంటిపేరు లాగుతారు. ‘ఎవళ్ళోయ్ వీళ్ళు?’ అని ఒకడు. ‘కోటా ఉద్యోగాలిస్తే ఇట్లాగే ఉంటది’ అని ఇంకొకడు. ‘తిండి లేని కులాలకి ఖాకీ వేస్తే’ అని మరొకడు. వీడియోలో ఎక్కడా కులం లేదు. టికెట్ తగువులో కులం లేదు. తీర్పులోకి మాత్రం కులం వచ్చి కూచుంది. తప్పు చేసిన కండక్టర్ పెద్దకులం వాడైతే అది ఆ మనిషి దురుసుతనం, మనవాడైతే అది మన జాతి లక్షణం. బళ్ళో కూడా ఇంతే. పాఠం రాని టీచర్ అగ్రకులస్తుడైతే సోమరి అంటారు, మనవాడైతే రిజర్వేషన్ అంటారు. ఇరవై ఏళ్ళుగా స్టాఫ్ రూముల్లో వింటున్నాం కాబట్టి చెబుతున్నాం.

కెమెరా కండక్టర్ దగ్గరే ఆగిందా? అటు తిప్పిన ఫోనునే ఇటు తిప్పి ఉచిత టికెట్ మీద ఎక్కిన ఆడవాళ్ళని తీశారు. సీటు కోసం కొట్టుకుంటున్నారని తీశారు. బస్సులో వెల్లుల్లి పొట్టు తీసుకుంటున్నారని తీశారు. పొద్దున్నుంచి చాకిరీ చేసే మనిషి ప్రయాణంలో కూడా చేతులు ఊరికే పెట్టదు, అది నవ్వులాట అయింది. 2024 ఆగస్టులో ఆ మాటల్లోంచే మాజీ మంత్రి కె. తారక రామారావు బస్సుల్లో బ్రేక్ డాన్సులు కూడా చేసుకోమన్నట్టు మాట్లాడి, మహిళా కమిషన్ నోటీసు అందుకొని, విచారం ప్రకటించాడు. తమిళనాడులో 2022లో ఒక మంత్రి ఆడవాళ్ళు ‘ఓసీ’లో, అంటే పుణ్యానికి తిరుగుతున్నారన్నాడు. దాని వెంటనే కోయంబత్తూరు దగ్గర ఒక ముసలమ్మ ‘నాకు ఓసీ వద్దు, డబ్బు తీసుకో’ అని కండక్టర్‌తో పట్టుబట్టే వీడియో వచ్చింది. దాని వెనక ప్రతిపక్ష పార్టీ వాళ్ళున్నారని పోలీసులు కేసు పెట్టారు. పార్టీల యుద్ధంలో ఇటు ముసలమ్మ, అటు పది గంటలు నిలబడి డ్యూటీ చేసే కండక్టర్. పార్టీలకి రెండూ తేరగా దొరికిన బొమ్మలే.

కర్ణాటకలో ఇంకా ముందుకు పోయింది. 2025 ఫిబ్రవరిలో బెళగావి దగ్గర బస్సులో ఒక అమ్మాయి తనతో ఉన్న కుర్రవాడికి కూడా కలిపి ఉచిత టికెట్ అడిగిందని కండక్టర్ చెప్పాడు. అక్కడ ఉచితం ఆడవాళ్ళకే. దాని మీద మొదలైన మాట కన్నడమా మరాఠీయా అన్న కాడికి పోయింది, గుంపొచ్చి కండక్టర్‌ని కొట్టింది. ఆ కండక్టర్ మీదే చిన్నపిల్లల లైంగిక రక్షణ చట్టం కింద కేసు కట్టారు. రెండు రాష్ట్రాల మధ్య బస్సులాగాయి. కొన్నాళ్ళకి పిల్ల తరఫువాళ్ళు ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నామన్నారు. ఒక్క టికెట్ దగ్గర పుట్టిన తగువది.

బండి దగ్గర తగువు మనకి కొత్త కాదు. 1901లో చిన్నవాడైన అంబేడ్కర్ అన్నతో, బంధువుల పిల్లలతో కలిసి రైలు దిగి తండ్రి దగ్గరికి పోవడానికి బండి అడిగితే, మహర్లని తెలిసి ఏ బండివాడూ కట్టలేదు. చివరికి రెండింతల కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడిచొస్తాడు. పైసలు మైల పడవు, మనుషులు పడతారు. 1997లో తమిళనాట విరుదునగర్‌లో ఒక రవాణా సంస్థకి దళిత వీరుడు సుందరలింగం పేరు పెడితే, ఆ పేరున్న బస్సెక్కమని పైకులాలు అల్లర్లు చేశాయి. ప్రభుత్వం చేసిందేమిటి? రవాణా సంస్థలకీ జిల్లాలకీ ఉన్న నాయకుల పేర్లన్నీ పీకేసింది. మన ఒక్క పేరు బస్సు మీద మొయ్యలేక అందరి పేర్లూ దించుకున్నారు. అలాంటి దేశంలో మన ఆడపిల్ల ఖాకీ షర్టు వేసుకొని, అన్ని కులాలవాళ్ళనీ ‘టికెట్’ అని అడుగుతున్నది. ‘జరగండి’ అంటున్నది. ‘దిగండి’ అనే అధికారం కూడా ఆమెకుంది. ఊళ్ళో ఆమె తండ్రి ఎవరి ముందు తువ్వాలు నడుముకి కట్టుకొని నిలబడ్డాడో, వాళ్ళ కొడుకునే టికెట్ అడుగుతున్నది. ఆ ఒక్క మాట కొందరికి ఎంత కారంగా తగులుతుందో మనకి తెలియదా?

అందరు కండక్టర్లూ మనవాళ్ళని మేము అనడం లేదు. అందరు కండక్టర్లూ మంచివాళ్ళనీ అనడం లేదు. గూడెం ముందు స్టాపున్నా ఆపకుండా పోయే బస్సులు మనం చూశాం. మన పిల్లల పాసు చూసి మూతి తిప్పేవాళ్ళని చూశాం. మురికి బట్టల కూలీని ‘వెనక్కి పో’ అని కసిరిన కండక్టర్‌ని కూడా చూశాం. వాళ్ళ మీద ఫిర్యాదు చెయ్యాల్సిందే. ఫోన్లో తీయకూడదని కూడా మేము అనం. ఫోను నిషేధించండి అంటున్న పెద్దలతో మాకు పొత్తు లేదు. 2016 జులైలో గుజరాత్‌లోని ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని బండికి కట్టి కొట్టినవాళ్ళు, గొప్పగా తామే వీడియో తీసుకొని లోకానికి చూపించుకున్నారు. మనల్ని అవమానించడానికి తీసిన ఆ వీడియోనే సాక్ష్యమైంది, గుజరాత్ దళితులు రోడ్లెక్కారు. ఆ వీడియో లేకపోతే ఉనా ఇంకో పేరు లేని ఊరు. 2024 జనవరి చివర్లో హైదరాబాదులో హయత్‌నగర్ డిపో కండక్టర్‌ని ఒక ప్రయాణికురాలు బూతులు తిట్టి కాలితో తన్నిందని నలుగురూ నమ్మిందీ వీడియో ఉన్నందుకే. బలవంతుడు బలహీనుణ్ణి కొట్టేటప్పుడు కెమెరా మన చుట్టం.

అయితే బస్సులో కండక్టర్ బలవంతుడా? ఆ బస్సు పరిధిలో, ఆ నిమిషంలో, నిలబడ్డ కూలీ ముందు అవును. ఫోను పట్టుకున్న కుర్రవాడి ముందు, డిపో మేనేజర్ ముందు, ఆ కిందరాతల గుంపు ముందు కాదు. ఈ తేడా తెలియనివాడు తీసిన వీడియో న్యాయం చెయ్యదు.

చట్టం సంగతి కూడా చెప్పుకుందాం, ఎందుకంటే మనవాళ్ళు ఈ విషయంలో చేతులు ముడుచుకొని కూచుంటున్నారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద నలుగురూ చూసే చోట కులం పేరుతో అవమానించడం, కులం పేరు పెట్టి తిట్టడం నేరం. నాలుగు గోడల మధ్య బయటివాళ్ళెవరూ లేని చోట అన్న మాటకి ఇది వర్తించదని 2020లో సుప్రీంకోర్టు అంది. మరి ఇంటర్నెట్‌లో పెట్టిన మాట? 2022లో కేరళ హైకోర్టు ఒక కేసులో, ఇంటర్నెట్‌లో పెట్టిన అవమానం చూసిన ప్రతివాడి ముందూ జరిగినట్టేనని చెప్పింది. అంటే కండక్టర్ వీడియో కింద కులం పేరు రాసినవాడు ఇంట్లో దుప్పటి కప్పుకొని రాసినా బజార్లో నిలబడి అరిచినట్టే లెక్క. ఆ రాతల్ని తేదీ కనపడేట్టు ఫోటో తీసి పెట్టుకోండి. రాసిన ఖాతా పేరు రాసుకోండి. పోలీసుస్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు పంపండి.

ఆర్టీసీ యాజమాన్యాలని అడగాల్సింది వేరే ఉంది. వీడియో అందిన వెంటనే డ్యూటీ తీసెయ్యడం ఆపాలి. ఎదుటి పక్షం మాట వినకుండా శిక్ష వెయ్యకూడదన్నది న్యాయం చదవని మా నాయనకి కూడా తెలుసు. తీసినవాడు పూర్తి వీడియో ఇచ్చి, తన పేరుతో ఫిర్యాదు రాసి, విచారణకి రావాలి. రాకపోతే ఆ వీడియో చిత్తుకాగితం. ఆ ట్రిప్పులో మిషన్ ఎన్ని టికెట్లు కొట్టిందో, ఎన్ని జీరో టికెట్లో, ఏ స్టేజీలో ఎందరున్నారో లెక్క సంస్థ దగ్గరే ఉంటుంది. అరిచిన నిమిషానికి ఆ బస్సులో ఎంతమంది ఉన్నారో ఆ లెక్క చూస్తే తెలుస్తుంది. దాన్ని కూడా విచారణ ఫైల్లో పెట్టండి. అప్పుడు ఆ ఫైలు పై ఆఫీసు దాకా పోయి, రూటుకి ఒక్క బస్సే ఎందుకు వేశారన్న ప్రశ్నకి ఎవరో ఒకరు సంతకం పెట్టాల్సి వస్తుంది. అందుకే పెట్టరనుకోండి.

మన పిల్లలకి, చేతిలో ఫోనున్న ప్రతి దళిత బహుజన విద్యార్థికీ మా మాట ఇది. బస్సులో తగువు మొదలైతే ముందు లేచి మధ్యలోకి పొండి. ఆ పెద్దమ్మ దగ్గర పది రూపాయలు తక్కువైతే ఇయ్యండి. కార్డు నియమం ఆమెకి అర్థమయ్యేట్టు మీరు చెప్పండి, ఇంజను మోతలో కండక్టర్ గొంతు ఆమెకి వినపడి ఉండదు. అప్పటికీ కండక్టర్ తప్పుంటే బస్సు నంబరు, టైము, టికెట్ నంబరు రాసుకొని డిపోకి ఫిర్యాదు రాయండి. టికెట్ వెనక చిల్లర రాసిచ్చే అలవాటు మన కండక్టర్లది, ఆ టికెట్ ముందువైపు మీకు కావాల్సిన నంబర్లన్నీ ఉంటాయి. వీడియో తీయక తప్పని పరిస్థితైతే మొదట్నించీ తియ్యండి, బస్సులో నిలబడ్డవాళ్ళందరూ కనపడేట్టు తియ్యండి, ప్రయాణికురాలి మొహం బయటపెట్టకండి. దాన్ని ఊరి మీదికి వదలకుండా ఫిర్యాదుతో పాటు ఇవ్వండి.

వీడియో మీద డ్యూటీ పోయిన కండక్టర్లు, డ్రైవర్లు ఏ కులంవాళ్ళైనా, రెండు రాష్ట్రాల్లో ఏ డిపోవాళ్ళైనా మాకు రాయండి. మీ సంజాయిషీ కాపీ పంపండి. పేరు వద్దంటే పేరు వెయ్యం. వీడియోలో లేని సగాన్ని వచ్చే సంచిక నుంచి ఈ పేజీల్లోనే అచ్చు వేస్తాం.